గంట సీసాకి లక్షలొస్తాయా? షోకేసులో దాచిన విస్కీ సీసాల విలువ గురించి

పోయిన సంక్రాంతికి మల్కాపురం వెళ్ళినప్పుడు మా అత్త షోకేసు తలుపు తీసి, పాత తువ్వాలులో చుట్టిన పింగాణీ గంట ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఏట్రా, దీనికి లక్షలొస్తాయని పిల్లలు ఫోన్లో చూపిస్తన్నారు, నిజమేనా? నువ్వు ఇలాటివే పోగేస్తావు కదా, చూసి చెప్పు" అంది. మా మావయ్య సరుకు ఓడల్లో పనిచేసినవాడు, 1981లో లివర్‌పూల్ రేవులో దిగినప్పుడు కొన్నాడట. ఆ ఏడాది జూలై 29న ఇంగ్లండ్ యువరాజు చార్లెస్‌కీ డయానాకీ పెళ్ళయింది, ఆ పెళ్ళి గుర్తుగా బెల్స్ అనే స్కాచ్ కంపెనీ వేసిన సీసా ఇది. ఆర్థర్ బెల్ అనే ఆయన పేరు మీద నడిచిన కంపెనీ కాబట్టి గంట ఆకారం. ముందువైపు పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళ బొమ్మ, పైన గంట పిడిలా ఉన్నదాన్ని పట్టి లాగితే బిరడా వస్తుంది. మావయ్య పోయి పదిహేనేళ్ళు దాటింది, దాని సీల్ మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తీయలేదు.

ఆ రోజు అత్తకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అవునంటే అబద్ధం, కాదంటే అదీ పూర్తి నిజం కాదు. ఈ ప్రశ్న అత్తది ఒక్కదానిదే కూడా కాదు, మన విశాఖలో ఓడల మీద తిరిగినవాళ్ళ ఇళ్ళు, నేవీలో చేసి రిటైరైనవాళ్ళ ఇళ్ళు ఎన్నున్నాయో అన్ని షోకేసుల్లో ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మన కళ్ళకి సీసా ఒక్కటే వస్తువు. కొనేవాళ్ళ కళ్ళకి మాత్రం అందులో మూడు వస్తువులున్నాయి: లోపలి సరుకు, సరుకు పోసిన పాత్ర, దాని వెనకున్న కథ. ఈ మూడింటికీ బేరగాళ్ళు వేరు, ధర పెరిగే కారణాలు వేరు, పడిపోయే కారణాలు కూడా వేరు. ఫోన్లో వచ్చే వార్తలు ఈ మూడింటినీ కలిపేసి చెబుతాయి, గందరగోళమంతా అక్కడ మొదలవుతుంది.

పిల్లలు అత్తకి చూపించిన వార్త ఏమిటో కూడా నాకు తెలుసు. 2023 నవంబరులో లండన్‌లో సోథబీస్ వేలంలో మెకాలన్ అనే స్కాచ్ కంపెనీ 1926 సీసా ఒకటి 20 లక్షల పౌండ్లు దాటి పోయింది, అంటే మన లెక్కలో 20 కోట్లకు పైమాటే. అందులో అమ్ముడుపోయింది సరుకు, దాని అరుదుదనం. 1926లో తీసిన విస్కీ, 263వ నంబరు పీపాలో 60 ఏళ్ళు మగ్గింది, 1986లో సీసాల్లో పోస్తే మొత్తం 40 వచ్చాయి. ఇక ఆ పీపా లేదు, ఆ సరుకు మళ్ళీ రాదు. మా అత్త గంటలో ఉన్నది మామూలుగా దుకాణంలో దొరికే బ్లెండెడ్ స్కాచే, అంటే వేరే వేరే విస్కీలు కలిపినదే. పాత్ర మారింది, లోపల ఏమీ మారలేదు. పైగా పెళ్ళికి దేశమంతా కొనుక్కుంటుందని తెలిసే చేసిన సీసా కనక కుప్పలుగా చేశారు, కొన్నవాళ్ళలో చాలామంది తాగకుండా దాచుకున్నారు. అందరూ దాచుకున్న వస్తువు ఎప్పటికీ అరుదు కాదు. ఫిషింగ్ హార్బర్‌లో కవళ్ళు దండిగా పడిన రోజు గంపకి ఏం ధర పలుకుతుందో మనకి తెలియనిది కాదు, వంజరం ఒకటో రెండో వచ్చిన రోజు పాట ఎలా లేస్తుందో కూడా తెలుసు. ఆ గంటకి బ్రిటన్ వేలాల్లో పలికేది కొన్ని పదుల పౌండ్లు, అంతే.

అసలు ఈ గుర్తు సీసాలు ఎందుకు పుట్టాయో చూస్తే ధర సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో జిమ్ బీమ్ అనే విస్కీ కంపెనీ 1950ల నడుమ నుంచి రీగల్ చైనా అనే పింగాణీ కంపెనీతో రకరకాల ఆకారాల్లో సీసాలు చేయించి పండగల ముందు అమ్మకానికి పెట్టింది. రాష్ట్రాల పేరుతో, వార్షికోత్సవాల పేరుతో, తర్వాత తర్వాత పాత కార్లు, రైలింజన్ల ఆకారాల్లో కూడా వచ్చాయి. వైల్డ్ టర్కీ వాళ్ళు 1971 నుంచి టర్కీ కోడి బొమ్మలు వేశారు, మెకార్మిక్ అనే కంపెనీ ఎల్విస్ ప్రెస్లీ బొమ్మ కిందే మ్యూజిక్ బాక్స్ పెట్టి అమ్మింది. ఆ రోజుల్లో వోడ్కా మీద మోజు పెరిగి బూర్బన్ అనే అమెరికా విస్కీ అమ్మకాలు తగ్గాయి, గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది, అలా మిగిలినదాన్ని కదిలించడానికి అందమైన పాత్ర ఒక దారి. జనం కూడా ప్రేమగానే కొన్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, ధరల పుస్తకాలు అచ్చేసుకున్నారు, ఒక తరం మొత్తం అలమార్లు నింపుకుంది. ఆ తరం ముసలిదయ్యేసరికి ఒకరి తర్వాత ఒకరు అమ్మకానికి పెట్టారు, కొనే కుర్రాళ్ళు లేరు, ధరలు కూలిపోయాయి. ఇప్పుడు అక్కడ పాత సామాన్ల సంతల్లో ఖాళీ జిమ్ బీమ్ పింగాణీ సీసాలు చాలా చవగ్గా దొరుకుతాయి. నాకైతే ఇది బాధగానే ఉంటుంది, ఎందుకంటే వాటిలో కొన్ని నిజంగా గొప్ప పనితనం ఉన్నవి.

అలాగని గుర్తు సీసా అన్నది ఎప్పుడూ మామూలు సరుకే అనుకోకూడదు. రాయల్ సెల్యూట్ అనే స్కాచ్ సంగతి చూడండి. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం రోజున షీవాస్ బ్రదర్స్ కంపెనీ దీన్ని విడుదల చేసింది. 21 తుపాకుల వందనాన్ని గుర్తు చేస్తూ 21 ఏళ్ళు మగ్గిన విస్కీ పోసింది, పింగాణీ కూజాకి కిరీటంలోని రాళ్ళ రంగులు, కెంపు, పచ్చ, నీలం వేయించింది. ఇక్కడ కథ, పాత్ర, సరుకు మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. అందుకే తొలి రోజుల కూజాలంటే సేకరించేవాళ్ళకి గౌరవం. ఒక సీసా చేతికి రాగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇదే: పండగ కోసం మంచి సరుకుని బయటికి తీశారా, మామూలు సరుకుకి పండగ బట్టలు తొడిగారా?

ఇక వయసు. సీసా మీద ఏడాది అచ్చేసి ఉంటే సరే, లేకపోతే చిన్న చిన్న గుర్తులు పట్టుకోవాలి. పాత అమెరికా సీసాల మూత మీద నుంచి మెడ దాకా కాగితపు పన్ను పట్టీ ఉండేది. ఆకుపచ్చది బాండెడ్ విస్కీకి, అంటే సర్కారు కాపలా ఉన్న గోడౌన్లో మగ్గినదానికి, ఎర్రది మిగతావాటికి, 1985 తర్వాత ఆ పట్టీలు తప్పనిసరి కాకుండా పోయాయి. ఈ సీసాని మళ్ళీ అమ్మడం, వాడడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధమని గాజు మీదే పోత పోసి ఉంటే అది 1935కీ 1964కీ మధ్య పద్ధతి. స్కాచ్ అయితే లేబుల్ మీద ఆల్కహాల్ ఘాటు పాత కొలతలో 70 ప్రూఫ్ అని ఉండి, శాతం రాయకపోతే పాతదని అర్థం, బ్రిటన్ లెక్కలో 70 ప్రూఫ్ అంటే మన 40 శాతమే. యూరప్ అమ్మకానికి వేసిన సీసా మీద 75 సెంటీలీటర్లని ఉంటే 1990ల మొదటికి ముందుది, తర్వాత అక్కడ 70 అయింది. మన దగ్గర మాత్రం ఫుల్ బాటిల్ ఇప్పటికీ 750 మిల్లీలీటర్లే, కాబట్టి ఈ గుర్తు ఇండియా సీసాలకి పనికిరాదు. ఈ తేడా తెలియక పాతదనుకుని కొని నష్టపోయినవాళ్ళని చూశాను.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. విస్కీ సీసాలో పెరగదు. దానికి వయసు వచ్చేది పీపాలో ఉన్నంతకాలమే, కొయ్యతో, గాలితో కలిసి మారేది అక్కడే. స్కాట్లండ్ చల్లదనంలో ఏడాదికి పీపాలోంచి 2 శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరు వేడిలో అమృత్ అనే విస్కీ కంపెనీ వాళ్ళ పీపాల్లోంచి 10 శాతం, అంతకన్నా ఎక్కువే పోతుంది, అందుకే మన విస్కీ తొందరగా పండుతుంది. ఒకసారి సీసాలో పోసి మూత పెట్టాక ఆ గడియారం ఆగిపోయినట్టే. పన్నెండేళ్ళ విస్కీని మా అత్త ఇంకో నలభై ఏళ్ళు దాచినా అది పన్నెండేళ్ళదే. దాచడం వల్ల రుచి పెరగదు, సరిగ్గా దాచకపోతే తగ్గిపోవడం మాత్రం ఖాయం.

దాచడం గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి, మన సముద్రపు గాలిలో అసలు పోరాటం ఇదే. నేను మొదట్లో ఒక కార్కు బిరడా సీసాని, వైన్ సీసాల్లాగే అనుకుని, బీరువాలో పడుకోబెట్టి మూడేళ్ళు వదిలేశాను. విస్కీలో ఆల్కహాల్ ఘాటు ఎక్కువ, అది కార్కుని తినేస్తుంది. తీసి చూసేసరికి బిరడా అటుకుల్లా పొడైపోయి, సగం సరుకు కింది అరలో దుప్పట్లకి అంటి ఉంది. ఆ వాసన నెల రోజులు పోలేదు. విస్కీ సీసా ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. ఎండ తగలకూడదు, ఎందుకంటే లేబుల్ రంగు ముందు వెలుస్తుంది, తర్వాత సరుకు రంగు. విశాఖ తేమ కార్కు ఎండిపోకుండా కొంత కాపాడుతుంది, కానీ అదే తేమ లేబుల్‌కి బూజు పట్టిస్తుంది, రేకు డబ్బాలకి ఉప్పుగాలితో తుప్పు తెస్తుంది, అట్టపెట్టెకి చెదలు ఎలాగూ ఉన్నాయి. లేబుల్ తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి బ్రష్ చాలు. మూత చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే పల్చటి పొర చుడితే ఆవిరి పోవడం బాగా తగ్గుతుంది.

పింగాణీ సీసాతో ఇంకో చిక్కుంది. గాజైతే లోపల మట్టం ఎంతుందో కంటికి తెలుస్తుంది, పింగాణీలో తెలియదు. సీల్ చెక్కుచెదరకుండా ఉండి లోపల సగం ఖాళీ అయిపోయిన డికాంటర్లు, అంటే ఇలాంటి అలంకార సీసాలు, ఎన్నో. దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం వంటింటి తూకం. 75 సెంటీలీటర్ల విస్కీ 40 శాతం ఘాటుతో అయితే సుమారు 710 గ్రాములు తూగుతుంది. ఏడాదికోసారి సీసాని తూచి, తేదీ వేసి, కాగితం అడుగున పెట్టుకుంటే ఎంత పోతోందో గ్రాముల్లో తెలిసిపోతుంది. అమ్మేవాడు ఫొటో పెట్టి సీల్డ్ అంటే, బరువెంతో అడగండి, చెప్పడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

ఆ పాత పింగాణీలోది తాగుదామన్న ఆలోచన ఉంటే మాత్రం దయచేసి మానుకోండి. అప్పట్లో పింగాణీ మెరుపు పూతల్లో లెడ్, అంటే సీసం లోహం, వాడినవి ఉన్నాయి, ఏళ్ళ తరబడి నిలవున్న ఆల్కహాల్ దాన్ని కొంచెం కొంచెంగా లాగుతుంది. లెడ్ కలిసిన క్రిస్టల్ గాజు పాత్రల్లో నెలల తరబడి పోర్ట్ వైన్ ఉంచితే అందులోకి లెడ్ ఎంతగా దిగిందో 1991లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. లెడ్‌కి రంగు లేదు, వాసన లేదు, ఒంట్లో చేరితే తొందరగా పోదు. నలభై ఏళ్ళు పింగాణీలో ఉన్న సరుకుని పరీక్ష చేయించకుండా నోట్లో పెట్టుకోవడం పెద్ద ప్రమాదం.

నకిలీల దగ్గరికి వస్తే, పెద్ద స్థాయిలో ఇది ఎంతవరకు వెళ్ళిందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 2017లో స్విట్జర్లాండ్‌లోని శాంక్ట్ మోరిట్జ్‌లో ఒక హోటల్లో 1878 నాటి మెకాలన్ అని నమ్మి ఒకాయన ఒక్క గ్లాసుకి సుమారు 10,000 ఫ్రాంకులు పెట్టాడు, పరీక్ష చేస్తే అది 1970ల మొదట్లో తయారైన విస్కీ అని తేలింది. మరుసటి ఏడు స్కాట్లండ్‌లోని ప్రయోగశాల 55 అరుదైన సీసాలని పరీక్షిస్తే 21 నకిలీలో, చెప్పిన ఏడాదివి కానివో అని బయటపడ్డాయి. ఎలా పట్టుకుంటారంటే, 1950ల నుంచి జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది, ఆ గాలి పీల్చిన బార్లీలో ఆ గుర్తు ఉంటుంది, ఆ బార్లీతో చేసిన విస్కీలో కూడా ఉంటుంది. లేబుల్ ఎంత బాగా అచ్చేసినా గింజ పండిన కాలాన్ని మార్చలేరు.

మన ఊళ్ళో నకిలీ అంటే ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. ఖరీదైన స్కాచ్ ఖాళీ సీసాని, దాని మూతతో, అట్టపెట్టెతో సహా కొనుక్కుని వెళ్ళే మనుషులు ఉంటారు, మామూలు పాత సీసాకి ఇచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఇస్తారు. అందులో చవక మందు పోసి మళ్ళీ అమ్ముతారు. అందుకే మీరు వస్తువు మీద ఇష్టంతో ఖాళీ సీసా దాచుకోండి, తప్పు లేదు, వదిలించుకోవాలంటే మాత్రం లేబుల్ గీకేసి, మూత విరిచేసి ఇవ్వండి. సేకరించేవాళ్ళం చేయగలిగిన మంచి పని ఇది.

ఇప్పుడు అత్త అడగని ప్రశ్న. ధర సంగతి తర్వాత, అసలు అమ్మచ్చా? మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా నిండు మద్యం సీసా అమ్మడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, అది ఏ రాజుగారి పెళ్ళి గుర్తయినా సరే. ఒక మనిషి దగ్గర ఎన్ని నిండు సీసాలు ఉండొచ్చన్న దానికి కూడా పరిమితి ఉంది, ఆ సంఖ్య ప్రభుత్వాల ఉత్తర్వులతో మారుతూ వచ్చింది కాబట్టి, నాలుగైదు పోగైనవాళ్ళు దగ్గర్లోని ఎక్సైజ్ స్టేషన్లో అడిగి తెలుసుకోవడం మంచిది. విదేశం నుంచి వచ్చే మనిషి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లే. విదేశీ వేలంలో కొని తెప్పించుకుందామంటే, దిగుమతి సుంకమే చాలా ఏళ్ళు 150 శాతం ఉండేది, ఈమధ్యనే తగ్గించడం మొదలైంది. ఇవన్నీ కలుపుకుంటే ఇక్కడ కూర్చుని నిండు సీసాల మీద పెట్టుబడి పెట్టాలనుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. ఇష్టం కోసం చేసేవాళ్ళకి ఖాళీ సీసాలు, వాటి చుట్టూ ఉన్న వస్తువులు చాలు.

ఆ చుట్టూ ఉన్న వస్తువుల్లోనే మన విశాఖకి సొంత సంపద ఉందని నేను నమ్ముతాను. 1933లో రేవు మొదలైనప్పటి నుంచి ఓడల మనుషులు మోసుకొచ్చిన సామాను ఈ ఊళ్ళో ఇంటింటికీ చేరింది. బార్లలో నీళ్ళు పోసే పింగాణీ జగ్గులు, కంపెనీ పేరున్న రేకు ట్రేలు, యాష్‌ట్రేలు, 50 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు, నేవీ ఓడల చిహ్నాలు చెక్కిన కొయ్య పలకలు. రక్షణ దళాల వారికి మాత్రమే అని అచ్చేసిన క్యాంటీన్ లేబుళ్ళు తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో దొరికినంతగా ఎక్కడ దొరుకుతాయి? 2014కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకానికని అచ్చైన లేబుళ్ళు ఇక మళ్ళీ రావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా పోరాటం, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు, ఇదంతా సీసాల చరిత్రలో భాగమే, ఆ కాలపు కరపత్రం ఒకటి దొరికితే నేను ఏ స్కాచ్ డికాంటర్ పక్కనైనా గర్వంగా పెడతాను. గోలీ సోడా సీసా కూడా అంతే. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లండ్ ఇంజనీర్ పేటెంట్ తీసుకున్న ఆ పచ్చ గాజు సీసా, లోపల గోలీతో, పాతబస్తీ బళ్ళ మీద మనం తాగి పెరిగింది. దాని గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే పాతవి పగిలి పోతున్నాయి.

ఈ వస్తువులకి ధర ఇచ్చేది కథ. కథ అంటే నోటిమాట చాలదు, కాగితం కావాలి. ఎవరు కొన్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఇంట్లోకి ఎలా వచ్చింది. ఒకేలాంటి రెండు గంటలుంటే, రసీదు, ఫొటో ఉన్నదాని వైపే చెయ్యి వెళుతుంది.

దసరాకి మళ్ళీ మల్కాపురం వెళ్ళాను. సంక్రాంతికి తూచి రాసిపెట్టిన కాగితం తీసి, వంటింటి తూకం మీద గంటని మళ్ళీ పెడితే 38 గ్రాములు తగ్గింది. బిరడా దగ్గర ఆవిరి పోతోంది. అత్తకి మొత్తం చెప్పాను, లక్షలు రావు, ఇక్కడ అమ్మడం కుదరదు, తాగడం అసలు వద్దు అని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మంచం కింది ట్రంకు పెట్టె లాగి, మావయ్య సీమెన్ బుక్కు, అంటే ఓడ ఉద్యోగం వివరాలు రాసే పుస్తకం, తీసింది. 1981 పేజీలో ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ, కెప్టెన్ సంతకం. దాని మధ్యలో ఒక ఫొటో, డెక్ మీద చొక్కా గుండీలు తీసేసి నవ్వుతూ నిలబడ్డ మావయ్య, చంకలో ఒక అట్టపెట్టె. ఆ పెట్టెని చెదలు ఎప్పుడో తినేశాయి, దాని మీది గంట బొమ్మ మాత్రం ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది.

"ఈ గంట పెట్టే ఇది, కాదేటి?" అంది అత్త.

మూత చుట్టూ ఫిల్మ్ చుట్టాను. సీమెన్ బుక్కు, ఫొటో, తూకం కాగితం ఒక కవర్లో పెట్టి గంట వెనకాల ఆనించాను. వచ్చే సంక్రాంతికి మళ్ళీ తూచాలి.